సెబెంజా ఒంటిచేత్తో తెరుచుకోవడం లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్‌లో 350 డాలర్లు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో లార్జ్ సెబెంజా 21 అనే మడత చాకు కొన్నావు. నీ రూమ్మేట్ దగ్గరున్న నలభై డాలర్ల ఫ్లిప్పర్ రకం చాకు చూపుడువేలు తగిలితే చాలు ఠక్కున తెరుచుకుంటోంది. నీది మాత్రం బొటనవేలు ఎర్రబడేదాకా తోసినా సగంలో ఆగిపోతోంది. పాడైపోయినది అంటగట్టారా, బ్లేడు తిరిగే ఇరుసు దగ్గరి పివట్ స్క్రూ వదులు చేయనా, ఆయిల్ వేయనా అని అడిగావు. ముందు స్క్రూ జోలికి వెళ్లకు. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే చాకు బాగానే ఉన్నట్టుంది.

నేను బాలానగర్‌లో టూల్ రూమ్ పనితో మొదలుపెట్టి, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఒక మెషిన్ షాపులో పనిచేస్తున్నాను. మడత చాకులు విప్పడం, శుభ్రం చేయడం, మళ్లీ బిగించడం ఇరవై ఏళ్లుగా నాకు ఇష్టమైన పని. సెబెంజా కొత్తగా చేతికొచ్చిన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది ఈ ప్రశ్నే.

ఒక చిన్న పరీక్ష చెయ్యి. చాకు మూసి ఉండగానే, పిడి తోక కొసని, అంటే తాడు కట్టే చోటుని, వెన్ను వైపు నుంచి ఎడమచేతి రెండు వేళ్లతో పట్టుకో. పిడి మధ్యభాగం మీద ఏ వేలూ ఆనకూడదు. ఇప్పుడు కుడి బొటనవేలితో స్టడ్‌ని, అంటే బ్లేడు పక్కన పొడుచుకొచ్చిన చిన్న మేకుని, నెమ్మదిగా బయటికి తొయ్యి. మొదట చిన్న అడ్డు తగులుతుంది. అది దాటాక బ్లేడు చివరిదాకా సాఫీగా నడిచి టక్కుమని లాక్ పడితే, చాకులో లోపం లేదన్నమాట. నీ కుడిచేతి వేళ్లే దాన్ని పట్టి ఆపుతున్నాయి.

ఎలాగో చెప్తాను. సెబెంజా ఫ్రేమ్ లాక్ చాకు. దీన్ని తయారుచేసిన క్రిస్ రీవ్ దక్షిణాఫ్రికావాడు, తర్వాత అమెరికా వచ్చి ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో స్థిరపడ్డాడు. సెబెంజా అంటే జూలూ భాషలో పని. అంతకుముందు 1980ల మొదట్లో మైఖేల్ వాకర్ అనే అమెరికన్ తయారుచేసిన లైనర్ లాక్‌లో, పిడి లోపల ఉండే పల్చటి రేకు పక్కకి వంగి బ్లేడు మడమ (ఇరుసు దగ్గరి వెనక కొస) వెనక అడ్డుపడేది. రీవ్ ఆ పల్చటి రేకు తీసేసి, పిడి పలకలోనే పొడుగ్గా ఒక చీలిక కోసి, ఆ ముక్కనే స్ప్రింగుగా, తాళంగా వాడుకున్నాడు. అందుకే పిడికి ఒక పక్కన కింద అంచు వెంబడి కదిలే ముక్క కనిపిస్తుంది. అదే లాక్ బార్. నువ్వు కుడిచేత్తో చాకు పట్టుకుంటే నీ నాలుగు వేళ్ల కొసలు సరిగ్గా దాని మీదే పడతాయి.

ఆ లాక్ బార్ లోపలి వైపు కొసలో గట్టి బాల్ ఒకటి బిగించి ఉంటుంది. దాన్నే డిటెంట్ బాల్ అంటారు. చాకు మూసినప్పుడు అది బ్లేడు మడమ మీదున్న చిన్న గుంటలో కూర్చుని, జేబులో బ్లేడు దానంతటదే తెరుచుకోకుండా పట్టి ఉంచుతుంది. నువ్వు తెరిచేటప్పుడు బాల్ ఆ గుంటలోంచి పైకెక్కి, బ్లేడు పక్కతలం మీద రాసుకుంటూ దాదాపు చివరిదాకా వెళుతుంది. బ్లేడు మీద విల్లులా వంగిన సన్నటి గీత కనిపిస్తుంది చూడు, అది ఆ బాల్ నడిచిన దారి. నువ్వు బొటనవేలితో తోస్తూ, ఆ తోపుకి ఆధారంగా మిగతా వేళ్లతో అవతలి నుంచి లాక్ బార్‌ని నొక్కుతున్నావు. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా నొక్కుతావు. బాల్ బ్లేడుని అంతే గట్టిగా ఒత్తుతుంది. ఒక కాలు యాక్సిలరేటర్ మీద, ఇంకో కాలు బ్రేకు మీద పెట్టి బండి నడపడం లాంటిదే ఇది. సగంలో ఎందుకు ఆగుతోందో ఇప్పుడు అర్థమైంది కదా. గుంట దాటాక కూడా బ్రేకు పడుతూనే ఉంది.

కాబట్టి వేళ్లు జరుపు. చూపుడువేలు, నడిమి వేలు కొసల్ని చీలికకి ఇవతల, పిడి వెన్ను వైపు ఉన్న కదలని పట్టీ మీద ఆనించు. మొదటి రెండు రోజులు చెయ్యి పాత చోటుకే పోతుంది, అద్దం ముందు నిలబడి చూసుకో. అలవాటు మారాక, అసలు ఇంత తేలికా అనిపిస్తుంది.

21 మోడల్‌లో ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. దాని క్లిప్ కొస లాక్ బార్ మీదే కూర్చుంటుంది. నీ అరచేయి క్లిప్‌ని నొక్కితే క్లిప్ లాక్ బార్‌ని నొక్కుతుంది, వేళ్లు సరైన చోటే ఉన్నా సరే. తర్వాత వచ్చిన సెబెంజా 31లో క్లిప్‌ని ఏటవాలుగా తిప్పి, కొస లాక్ బార్ మీద పడకుండా చేశారు. నీ పరీక్షలో చాకు బాగా తెరుచుకుని, వేళ్లు సర్దుకున్నాక కూడా బిగుతుగానే ఉంటే క్లిప్ స్క్రూ తీసేసి ఒకరోజు వాడి చూడు.

ఇక బొటనవేలు తోసే దిశ. కొత్తవాళ్లు స్టడ్‌ని పిడి పొడవునా పైకి, అంటే పివట్ వైపుకి తోస్తారు. తలుపుని తెరవడానికి బదులు కీలు వైపుకి నెట్టినట్టు ఉంటుంది అది. బలమంతా ఇరుసులోకి పోతుంది, బ్లేడు కదలదు. స్టడ్ పివట్ చుట్టూ గుండ్రంగా తిరగాలి కాబట్టి మొదటి కదలిక పిడికి అడ్డంగా, నీ నుంచి బయటి వైపుకి ఉండాలి. అడ్డు దాటాక బొటనవేలు వంపు తిరిగి పైకి వెళ్లాలి. పైగా స్టడ్ పివట్‌కి దగ్గరగా ఉంటుంది. కీలు పక్కనే చెయ్యి పెట్టి తలుపు తోస్తే ఎంత బరువుగా ఉంటుందో తెలుసుగా. అందుకే దిశ కాస్త తప్పినా నొప్పి పుడుతుంది. బొటనవేలి కొసతో పొడవకు, వేలి మెత్తటి భాగాన్ని స్టడ్ పక్కకి ఆనించి తొయ్యి.

నీ రూమ్మేట్ ఫ్లిప్పర్ సంగతి వేరు. అక్కడ బ్లేడు మడమకే ఒక చిన్న తోక ఉంటుంది, పిడి వెనక్కి పొడుచుకొచ్చి. దాన్ని చూపుడువేలితో నొక్కుతావు. ఆ చాకులో డిటెంట్ కావాలనే గట్టిగా పెడతారు. అది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే చిటిక వేసి చూడు. నడిమి వేలు బొటనవేలి మీద నొక్కుకుని ఉన్నంతసేపు బలం పోగవుతుంది, జారిన క్షణంలో అదంతా ఒక్కసారిగా వదులుతుంది. ఫ్లిప్పర్‌లోనూ అంతే, బాల్ గుంటలోంచి జారిన క్షణంలో బ్లేడు ఎగిరి తెరుచుకుంటుంది. లోపల బ్లేడుని తోసే స్ప్రింగు ఏదీ లేదు. డిటెంట్ మెత్తగా ఉంటే ఫ్లిప్పర్ చచ్చుబడిపోతుంది, బ్లేడు సగందాకా వచ్చి వేలాడుతుంది. సెబెంజాని అలా కొట్టి తెరవడానికి తయారుచేయలేదు. బొటనవేలితో నడిపించి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలిగేలా చేశారు. రెండింటినీ పోల్చి ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనుకోవద్దు. నా మటుకు నాకు రోజూ జేబులో ఉండేదానికి నెమ్మదిగా, చెప్పినట్టు వినే చాకే ఇష్టం. పదిమంది మధ్య ఠక్ ఠక్ అని తెరిస్తే పక్కవాళ్లకి టెన్షన్.

బ్రాండ్లు పోల్చుకోవాలనుకుంటున్నానని రాశావు కాబట్టి మిగతా పద్ధతులు క్లుప్తంగా. స్పైడర్‌కో వాళ్లు 1981లో వర్కర్ అనే మోడల్‌తో బ్లేడుకే గుండ్రటి రంధ్రం పెట్టారు. పొడుచుకొచ్చే భాగం ఏదీ లేకుండా బొటనవేలి మెత్తదనమే ఆ రంధ్రంలోకి దిగి పట్టు దొరుకుతుంది. వేలు నొప్పి పుట్టకుండా నేర్చుకోవడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచిది లేదు. వాళ్ల పారామిలిటరీ 2 మోడల్‌లో కంప్రెషన్ లాక్ అనే తాళం పిడి వెన్ను వైపు ఉంటుంది కాబట్టి మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోకి రాదు. బెంచ్‌మేడ్ 1998లో 710 మోడల్‌తో తెచ్చిన యాక్సిస్ లాక్ మెక్‌హెన్రీ, విలియమ్స్ అనే ఇద్దరి డిజైన్. పిడికి అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ, రెండు పక్కలా దాన్ని ముందుకి నెట్టే సన్నటి స్ప్రింగులు. కడ్డీ రెండు వైపులా బయటికి ఉంటుంది కాబట్టి కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం తేడా లేదు. ఎడమచేతి వాటం వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మామూలు ఫ్రేమ్ లాక్ మీ చేతికి తిరగబడి ఉంటుంది. సెబెంజాలో ఎడమచేతి వాళ్లకి వేరే తయారీ ఉంది, అదే అడగండి.

ఇప్పుడు ఆ స్క్రూ. యూట్యూబ్‌లో పివట్ పావు చుట్టు వదులు చేయమన్న సలహా చూశానన్నావు. అది చాలా చాకులకి సరిపోతుంది, నీదానికి కాదు. సెబెంజా 21 ఇరుసు చుట్టూ ఒక బుష్ ఉంటుంది, సన్నటి గొట్టం ముక్క. దాని పొడవు బ్లేడు మందం, రెండు వాషర్ల మందం కలిపినదానికంటే వెంట్రుకవాసి ఎక్కువ. స్క్రూ పూర్తిగా బిగిస్తే పలకలు రెండూ ఆ బుష్‌కి ఆనుకుని ఆగిపోతాయి, బ్లేడుకి మాత్రం తిరగడానికి సరిపడా చోటు మిగులుతుంది. పూర్తిగా బిగించినప్పుడే ఇది సరిగ్గా నడిచేలా లెక్కవేసి కోశారు. లేత్ మీద పనిచేసినవాడిగా చెప్తున్నాను, ఇంత ఖచ్చితంగా ప్రతి చాకుకీ కోయడం మామూలు విషయం కాదు, నువ్వు పెట్టిన డబ్బులో పెద్ద వాటా దీనికే పోయింది. వదులు చేస్తే సాఫీతనం పెరగదు, బ్లేడు పక్కలకి ఊగుతుంది, అంతే.

పూర్తిగా బిగించి ఉండి, వేళ్లు ఎక్కడా ఆనకుండా కూడా బ్లేడు బరువుగా తిరుగుతుంటే లోపల మురికి ఉన్నట్టు. సెకండ్ హ్యాండ్‌లో ఇది మామూలే. పాత గ్రీజు గట్టిపడుతుంది, జేబులో నూలు పోగులు చేరతాయి. అప్పుడు విప్పొచ్చు. అంగుళాల కొలత అలెన్ కీలే వాడు. దగ్గరగా సరిపోయిందని మిల్లీమీటర్ల కీ పెడితే స్క్రూ తల గుల్ల అవుతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. కింద తెల్లటి గుడ్డ పరుచుకో, వాషర్లు ఏ వైపువి ఆ వైపే పెట్టు. స్క్రూ గట్టిగా ఉంటే బలవంతం చేయకు, మరపై నీలం రంగు లాక్‌టైట్, అంటే స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, ఉండి ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి చేస్తే వదులుతుంది. వాషర్లు ఫాస్ఫర్ బ్రాంజ్‌వి, వాటికున్న చిన్న రంధ్రాలు గ్రీజు నిలవడానికి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేలికి అంటీ అంటనంత గ్రీజు రాయి చాలు. బిగించేటప్పుడు స్క్రూ మరకి మళ్లీ ఒక చుక్క నీలం లాక్‌టైట్, అది బుష్ లోపలికి కారకుండా. నీకు ధైర్యం చాలకపోతే బోయిసీలో కంపెనీకే పంపు, వాళ్లే విప్పి శుభ్రం చేసి ఇస్తారు.

ఆయిల్ గురించి ఒక్క మాట. అమ్మ పంపిన కొబ్బరినూనె వేశానని నీ ప్రశ్న కింద ఒకరు రాశారు. వద్దు. ఇరవై నాలుగు డిగ్రీలకి అటూ ఇటూ అది పేరుకుంటుంది, ఏసీ గదిలోనే చాకు బిగుసుకుపోతుంది, కొన్నాళ్లకి జిగటగా మారుతుంది. గ్రీజు దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె ఒక చుక్క మేలు. ఆ చాకుతో పండ్లు కోస్తావంటే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వెయ్యి.

మణికట్టు విదిలించి తెరవడం నేర్పమని కూడా అడిగావు. ఈ చాకుతో అది మానుకో. బ్లేడు వేగంగా వచ్చి, దాన్ని ఆపే స్టాప్ పిన్‌కి కొట్టుకుంటుంది, అదే క్షణంలో లాక్ బార్ మడమ కిందికి దూసుకొస్తుంది. టైటానియం గట్టి ఉక్కు మీద ఒరుసుకుంటే అంటుకునే గుణం ఉన్న లోహం. 21లో లాక్ బార్ కొసని వేడిచేసి గట్టిపరిచారు, 31కి వచ్చేసరికి అక్కడ సిరామిక్ బాలే పెట్టారు. అయినా రోజుకి వందసార్లు విదిలిస్తే అరుగుదల తప్పదు. తెరిచాక లాక్ బిగుసుకుని రానంటుంటే లాక్ బార్ కొసని, మడమని స్పిరిట్‌తో తుడిచి, బ్లేడు మడమ మీద పెన్సిల్‌తో నాలుగు గీతలు రాయి. పెన్సిల్‌లోని గ్రాఫైట్ చాలు ఆ పట్టు వదలడానికి.

నీది సెకండ్ హ్యాండ్ కాబట్టి, తెరిచి లాక్ పడ్డాక ఆ కొస ఎక్కడ ఆగిందో వెలుతురులో చూడు. మడమ వెడల్పులో సగానికి అటూ ఇటూ ఉంటే నిశ్చింతగా ఉండు. అవతలి పలకకి పూర్తిగా ఆనుకుపోయి ఉంటే బాగా అరిగినట్టే, అమ్మినవాడితో మాట్లాడాల్సింది అప్పుడు. లాక్ పరీక్షించడానికి బ్లేడు వెన్నుని బల్లకేసి కొట్టేవాళ్లున్నారు, వీడియోల్లో చూసే ఉంటావు. మంచి తాళాన్ని పాడుచేసే పని అది. వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, వెన్ను మీద అవతలి చేత్తో మెల్లగా ఒత్తిడి పెంచి చూస్తే చాలు.

తెరవడం గురించి ఇంత రాశాను కానీ, వేళ్లు తెగేది ఎక్కువగా మూసేటప్పుడు. 2009లో నేను కడ్డీ లాక్ ఉన్న ఒక చాకు మూస్తూ పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నాను. కడ్డీ లాగగానే బ్లేడు తన బరువుతోనే పడింది. చూపుడువేలు దాని దారిలో ఉంది. నాలుగు కుట్లు పడ్డాయి, మూడు వారాలు మైక్రోమీటర్ పట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి చాకు చేతిలో ఉంటే నోరు కట్టేస్తాను.

నీ ఫ్రేమ్ లాక్‌లో ప్రమాదం బొటనవేలికి. లాక్ బార్‌ని పక్కకి నెట్టే బొటనవేలు సరిగ్గా పదును దిగే దారిలోనే ఉంటుంది. మొదటి నెల రెండు చేతులతోనే మూయి. కుడి బొటనవేలితో లాక్ బార్ నెట్టి, ఎడమచేత్తో బ్లేడు వెన్ను పట్టుకుని కొద్దిగా, ఒక పావు వంతు మాత్రమే మడువు. లాక్ వదిలిందని తెలియగానే ఆగు. బొటనవేలు బయటికి తీసెయ్యి. మిగతా వేళ్లు కూడా పిడి అంచు దాటి లేవని చూసుకుని, అప్పుడు పూర్తిగా మూయి. ఆగడం అనే మెట్టు వదలొద్దు. నేర్చుకునే రోజుల్లో పదును మీద మాస్కింగ్ టేప్ రెండు పొరలు అంటించుకో, సోఫాలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని కాకుండా మంచం పక్కన నిలబడి సాధన చెయ్యి. చెయ్యి జారితే పరుపు మీద పడనీ. పడే చాకుని పట్టుకోబోవద్దు, మొన వంగితే బాగు చేయించుకోవచ్చు.

మన ఇళ్లల్లో అమ్మలు, అమ్మమ్మలు కత్తిపీట మీద కూరలు తరిగారు. అక్కడ పదును కదలదు, కాలు కింద పీట కదలదు, చెయ్యి మాత్రమే కదులుతుంది. మన కళ్లు ఆ పద్ధతికి అలవాటుపడి పెరిగాయి. మడత చాకులో పదునే తిరుగుతుంది, అది ఎక్కడెక్కడికి వెళుతుందో మనసులో ముందే గీసుకోవాలి. అయితే అమ్మమ్మ చెప్పిన ఒక మాట ఇక్కడా పాటిస్తాను. మా ఇంట్లో కత్తి చేతికి ఇవ్వనిచ్చేది కాదు, కింద పెట్టు తీసుకుంటా అనేది. ఆమె గొడవలొస్తాయన్న నమ్మకంతో అనేది. నేను నా చాకు ఎవరైనా చూస్తామంటే మూసి బల్ల మీద పెడతాను, వాళ్లు తీసుకుంటారు. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే.

చివరగా చట్టం. నిన్ను విసిగిస్తున్న ఆ డిటెంట్ మీదే అమెరికా ఫెడరల్ చట్టంలో ఒక మినహాయింపు నిలబడి ఉంది. బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల మీద 1958లో చట్టం వచ్చింది. 2009లో దానికి సవరణ చేసి, మూసి ఉండేలా పట్టే స్ప్రింగో డిటెంటో ఉండి, చేత్తో బ్లేడు మీద బలం పెడితేనే తెరుచుకునే చాకులు దాని కిందికి రావని రాశారు. టెక్సస్‌లో ఐదున్నర అంగుళాలు దాటిన బ్లేడుకే కొన్ని చోట్లకి తీసుకెళ్లకూడదన్న ఆంక్షలు, నీది మూడున్నర దాటి కాస్త ఉంటుంది. విమానాశ్రయం మాత్రం వేరు, చాకు ఎప్పుడూ చెకిన్ బ్యాగులోనే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఇది చదివి కొనబోతే ఆగండి. అక్కడ సరైన కారణం లేకుండా బయట జేబులో పెట్టుకోగలిగింది మూడు అంగుళాల లోపు పదును ఉన్న, లాక్ లేని మడత చాకు ఒక్కటే. సెబెంజా లాంటి లాక్ చాకు ఆ లెక్కలోకి రాదు. హైదరాబాద్ తీసుకెళ్తానంటున్నావు కాబట్టి, మన ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు కొలత తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండు అంగుళాల వెడల్పు దాటిన బ్లేడుకి చెప్పారు. నీది దాని దరిదాపుల్లో లేదు. అయినా మాల్ దగ్గరా మెట్రో దగ్గరా సోదా చేసే సెక్యూరిటీ మనిషికి ఈ కొలతలు వివరిస్తూ నిలబడాల్సిన అవసరం ఏముంది, ఇంట్లోనే ఉంచు.

ముందు ఆ ఎడమచేతి పరీక్ష చేసి చూడు. తర్వాత వేళ్లు జరిపి, ఆ తర్వాత క్లిప్ తీసి. మూడింటిలో ఎక్కడ తేడా కనిపించిందో కింద రాయి. మూడింటికీ తేడా లేకపోతే లాక్ బార్ కొస దగ్గరి ఫోటో ఒకటి, బ్లేడు మీద బాల్ గీసిన గీత ఫోటో ఒకటి పెట్టు, చూసి చెప్తాను.